జూరా అరువిచ్చిన తాతలు

మా కొచ్కోర్ లోయలో పిల్లలకు మాటలు వచ్చిన ఏడాదే ఏడుగురు తాతల పేర్లు నేర్పుతాం. తండ్రి, ఆయన తండ్రి, అలా ఏడు మెట్లు పైకి. నా మనవరాలు ఐజిరెక్ నాలుగేళ్లకే ఆ వరస తడుముకోకుండా చెప్పేది. ఆడపిల్లకి ఇవెందుకని ఊళ్లోవాళ్లు నవ్వితే, వాళ్ల మనవలు నాలుగో మెట్టు దగ్గరే జారిపడుతున్నారని నేను నవ్వేవాణ్ణి. ఆ వరసలో రెండోవాణ్ణి నేను. నాలుగోవాడు తోకోబాయ్. నారిన్ నది గడ్డకట్టినప్పుడు గుర్రం మంచు మీద అడుగు పెట్టనంటే దాన్ని భుజాన వేసుకుని దాటించాడు. అవతలి ఒడ్డున దిగిన గుర్రం సిగ్గుతో రెండు రోజులు గడ్డి ముట్టలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు.

అయితే ఇది తోకోబాయ్ కథ కాదు, జూరా కథ.

జూరా అట్‌బాషీ ఊరి గొర్రెలకాపరి కూతురు. యాభై దాటిన మనిషి, తలుపు నిండా ఉంటుంది. ఆమె తమ్ముడికి చిన్నప్పుడు రక్త క్యాన్సర్ వచ్చింది. మందులు పిల్లవాణ్ణి బతికించాయి గానీ, బద్ధకస్తుడని బడివాళ్లు వెళ్లగొట్టారు. ఆ మాట మింగుడుపడక జూరా చదువుకుంది. ఇప్పుడు రాజధానిలో పెద్దాసుపత్రి పిల్లల వార్డులో ఆమె పని, జబ్బు తగ్గిన పిల్లల బుర్ర ఎలా నడుస్తోందో పరీక్షించడం. పిల్లలు బతికారు కదా, ఇంకేం కావాలని అక్కడి డాక్టరొకాయన విసుక్కుంటే, బతకడం మొదలే కదా డాక్టరుగారూ అన్నదట. ఏడాదికి రెండుసార్లు ఉన్ని సంచిలో రంగు చెక్కముక్కలు, బొమ్మలు, ఒక స్టాప్‌వాచీ వేసుకుని వ్యాను ఎక్కి పిల్లల ఊళ్లకు వెళ్తుంది.

మా ఐజిరెక్‌కు అయిదో ఏట అదే జబ్బు. రెండేళ్లు రాజధానిలో ఉంది. వెన్నులోకి కూడా మందు ఎక్కించారు. తిరిగొచ్చింది, జుట్టు పెరిగింది, గుర్రం ఎక్కింది. పదకొండో ఏడు వచ్చేసరికి బడి మాత్రం చేతికి అందలేదు. నల్లబల్ల మీది లెక్క సగం ఎక్కించుకునేలోగా టీచరు తుడిచేసేది. రెండు పనులు చెబితే ఒకటి చేసి నిలబడేది. హెడ్మాస్టరు ఇమానాలీ ఒక మాట తేల్చేశాడు. నోరూజ్ పండగనాడు బడిలో అందరి ముందు ఏడుగురు తాతల్ని గడగడా చెప్పిన పిల్లకు బుర్రలో లోపమేమిటి, ఇది ఒట్టి బద్ధకం. ఈసారి లెక్కల పరీక్ష తప్పితే కింది తరగతిలో కూర్చోబెడతానన్నాడు. లోపం లేదన్న మాట నాకు తియ్యగా తగిలింది. మిగతా సగం నేను వినిపించుకోలేదు.

పిల్లను పరీక్షించడానికి జూరా మా ఇంటికొచ్చి ఇంకా టీ ముట్టకముందే పిల్లచేత తాతల వరస చెప్పించాను. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. వేయించిన రొట్టెముక్కలు అతిథి ముందుకు తోసి, ఇక ఆ సంచీ విప్పక్కర్లేదన్నాను.

జూరా పిల్లవైపే చూసింది. "బాగా చెప్పావే. ఎప్పుడు నేర్చుకున్నావు?"

"జబ్బుకి ముందు."

"అయితే నీ తాతల్ని నీ దగ్గరే ఉంచుకో. నా తాతల్ని ఓ గంట అరువిస్తాను. పట్టుకోగలవేమో చూద్దాం."

ఒమోర్, జుమాలీ, బైజాక్, తిలెకె, ఎసెన్, మొల్దో, కరాబాయ్. అయిదుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ పిల్లను చెప్పమంది. మొదటిసారి రెండు వచ్చాయి, అయిదోసారి నాలుగు. తర్వాత అరగంట చెక్కముక్కలు పేర్పించింది. బొమ్మకు తగ్గట్టు అన్నీ సరిగ్గా పేర్చింది గానీ, పట్టిన సమయం ఆ ఈడు పిల్లలకు పట్టేదానికి రెట్టింపని జూరా రాసుకుంది. మళ్లీ తాతల పేర్లు అడిగింది. ఐజిరెక్‌కు ఒమోర్ ఒక్కడే మిగిలాడు. చుట్టుపక్కల బళ్లలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఇదే వరస చెబితే అరగంట తర్వాత అయిదుగురైనా మిగిలారట.

ఆ పూట పోటీకి నేనూ దిగాను. ఆరుగురిని చెప్పి, ఏడోవాడు ఎలుగుబంటితో కుస్తీ పట్టాడని కలిపాను.

"మావాళ్లెవరూ ఎలుగుబంటి జోలికి పోలేదు బాబాయ్."

"నీకు చెప్పి ఉండరమ్మాయ్."

నవ్వుతూ పక్కకు చూశాను. పిల్ల తల దించుకుని ఉంది. మా పిల్ల మొద్దని రాస్తావా అని జూరా మీదికి లేచాను.

"మొద్దని రాయను. బద్ధకమని ఎవర్నీ రాయనివ్వను," అంది జూరా. "పాత సామాను ఇంట్లో భద్రంగా ఉంది బాబాయ్, అందుకే మీ తాతలు వచ్చారు. కొత్త సామాను గుమ్మం దాటడానికే టైం పడుతోంది. అది మందు చేసిన పని. ఆ మందే దీన్ని బతికించింది కూడా."

"అంటే నేను కావాలని చెయ్యట్లేదు కదా?" అని అడిగింది ఐజిరెక్. నాలుగేళ్లుగా ఆ ప్రశ్న దాని నోట్లోనే ఉందని నాకప్పుడు తెలిసింది.

"లేదే పిల్లా. నీకు కావాల్సింది ఇంకో అరగంట, అంతే."

మర్నాడు, పరీక్షలో పిల్లకు ఇంకో అరగంట ఇవ్వాలని జూరా రాసిన కాగితంతో బడికి వెళ్లాం. ఇమానాలీ చదివి, గంట అందరికీ ఒకటే అన్నాడు. బుర్ర మందమైతే ఏడుగురు తాతలు ఎలా వచ్చారని నావైపు చూశాడు. నాలుగేళ్లుగా ప్రతి పెళ్లి విందులో నేను ఊదరగొట్టిన గొప్ప అది. లేచి నిలబడి, అవి జబ్బుకు ముందు నేర్చినవి, వాటివల్ల ఏమీ రుజువు కాదని చెప్పాను. నా జన్మలో రంగు కలపకుండా అన్న మాట అదొక్కటే. అయితే పట్నంలో మందబుద్ధి పిల్లల బడికి పంపండని అన్నాడాయన.

"బద్ధకం కాకపోతే మొద్దేనా? పిల్లల్ని వెయ్యడానికి మీ దగ్గర రెండే పెట్టెలున్నాయా?" అంది జూరా.

ఆయన కాగితం తిరిగిచ్చేశాడు.

పరీక్ష ఆ మర్నాడే. జూరా తిరుగు వ్యాను వదిలేసుకుంది. తరగతి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టారు. పిల్లలందరూ వెళ్లిపోయారు. కాగితాలు తీసుకోవడానికి ఇమానాలీ తనే వచ్చాడు.

ఐజిరెక్ రెండు అరచేతులూ కాగితం మీద పెట్టింది. "ఇంకా మూడు లెక్కలున్నాయి సార్. ఇవ్వను."

జూరా స్టాప్‌వాచీ నొక్కింది.

ఇమానాలీ అడుగు ముందుకు వేశాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని వసారాలోకి తెచ్చి, మా తోకోబాయ్ గుర్రం సంగతి మొదలుపెట్టాను. తెల్లగడ్డం మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పడే మగాడు మా లోయలో ఇంకా పుట్టలేదు. ఆయన గోడ గడియారం వైపు చూసినప్పుడల్లా నేను మరో నది గడ్డకట్టించాను. నావాళ్లు ఏడుగురూ అయిపోయాక జూరా తాతల్ని అందుకున్నాను. గుమ్మం దగ్గర కూర్చున్న జూరా తన పూర్వీకుల ఘనకార్యాలు అక్కడే మొదటిసారి వింది. ఒక్కదానికీ కాదనలేదు.

నేను తిలెకె కథలో ఉండగా ఐజిరెక్ బయటికొచ్చి కాగితం తనే ఆయన చేతిలో పెట్టింది. పది లెక్కల్లో ఎనిమిది సరిగ్గా ఉన్నాయి. గంట తర్వాత చేసినవి చెల్లవని ఇమానాలీ పైన ఎర్రగా రాశాడు. జూరా ఆయన చేతిలోంచి కలం తీసుకుని, పట్టిన సమయం ఇంత, సరైనవి ఇన్ని అని ఆ ఎరుపు కిందే రాసి సంతకం పెట్టింది.

ఆయన ఆ రెండు రాతల్నీ చదివాడు. చివరికి పిల్లను అదే తరగతిలో ఉండనిస్తానన్నాడు, కానీ వచ్చే పరీక్షకు ఈ తమాషా సాగదన్నాడు.

"వచ్చే పరీక్షకీ వస్తాను," అంది జూరా సంచి సర్దుకుంటూ.

నా భార్య వైపు కూడా ఏడుగురు తాతలున్నారని నేను ఆయనకు గుర్తుచేశాను.