ఎదురొచ్చిన దొడ్డమ్మ

మా దొడ్డమ్మ పోయింది. మొన్న పొద్దున కాఫీ తాగి, వాకిట్లో కుర్చీ వేయించుకుని ఎండలో కూర్చుని, అలాగే వెళ్లిపోయింది. మా అమ్మకు అక్క. రాయ్‌పూర్‌లో మా అందరికీ పెద్ద దిక్కు. చూడటానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే పాట: "పాపం, మొగుడు పోయాక ఎండల్లో మాడిపోయింది." ఆ 'పాపం' వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఆవిడ మాడిపోయింది ఎండలో కాదు, అంతకుముందు నీడలో. చెప్పేవాళ్లు లేరు గనక నేనే చెబుతున్నాను.

ఆవిడ పలాస దగ్గర జీడితోటల్లో పెరిగిన మనిషి. చెట్టెక్కి కొమ్మ మీదే చద్దన్నం తినేదట. పెళ్లై ఇక్కడి రైల్వే క్వార్టర్స్‌కి వచ్చాక పెదనాన్న ఆవిణ్ణి గడప దాటనిచ్చింది తక్కువ. కూరగాయలు కూడా ఆయనే తెచ్చేవారు. చెడ్డవాడు కాదు, పరువు పిచ్చి. ఆకాశమంటే వంటింటి కిటికీలోంచి కనిపించినంతే. "సెట్ల పేర్లే మర్సిపోనానే" అనేది మా అమ్మతో.

పెదనాన్న సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన బదులు ఆవిడకు రైల్వేలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఏడాది మూల కూర్చోవాలని మా వాళ్లు పట్టుబట్టారు. చివరికి ఆవిడ మరిది రాజీకి వచ్చి, "వదినా, ఆఫీసులో ప్యూన్ పనికి మాట్లాడాను. ఫ్యాను కింద ఆరామ్‌గా కూర్చోవచ్చు" అన్నాడు.

"కూకున్నది సాలు బాబూ. నాకు బయట పని కావాల" అంది దొడ్డమ్మ.

అందరూ ట్రాకు మీంచి ఆఫీసులోకి పోవడానికి సిఫార్సులు పట్టే రోజుల్లో ఈవిడ ఎదురు దారి పట్టింది. మొదట గ్యాంగులో కంకర ఎత్తింది, కొన్నేళ్లకు కీమన్ అయింది. ఆడదైనా ఆ పనికి అదే పేరు. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని బీర్‌గావ్ వైపు పట్టాల వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే కొట్టి బిగించడం. తొలి నెల కాళ్లు బొబ్బలెక్కాయి. అమ్మ కాపడం పెడుతూ ఏడిస్తే, "ఒలే, ఇయ్యాల మోదుగు సెట్టు సూసినాను. పూసేసింది" అని చెప్పిందట. బొబ్బల ఊసే లేదు. అప్పటినుంచి ఆవిడ కొంగులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. వేసవిలో ఇప్పపూలు, వానల్లో పట్టాల పక్కన మొలిచిన చరోటా ఆకు. ఆ ఆకు పప్పులో వేస్తే చేదుగా ఉండేది, మేము మారు మాట్లాడకుండా తినేవాళ్లం. ఫ్యాక్టరీల మసి మొహాన పడి నల్లబడింది, నిజమే. కానీ నవ్వడం నేర్చుకుంది.

అసలు పేచీ మా సందుతో వచ్చింది. ఆవిడ డ్యూటీకి బయల్దేరే వేళకే మిగతావాళ్లూ బయల్దేరతారు. పొద్దున్నే విధవ ఎదురైతే అపశకునమని ఒక్కో తలుపూ మూసుకునేది. ఎదురింటి రైలు డ్రైవరు బాబాయి మరీ అన్యాయం. ఆవిడ సందు మలుపు తిరిగేదాకా పెట్టె పట్టుకుని తలుపు వెనకే నిలబడేవాడు. పక్క సందులోంచి వెళ్లమని అమ్మే ఓసారి చెప్పి చూసింది. దొడ్డమ్మ మర్నాడు నేరుగా వెళ్లి ఆయన తలుపు తట్టింది.

"ఏటి బాబూ, నా మొకం సూస్తే నీ బండి పట్టా దిగిపోద్దా? ఆ పట్టా బిగించింది నానే. దాని మీద రోజూ బాగానే పోతన్నావు గదా."

అయినా బాబాయి బుద్ధి మారలేదు. దొడ్డమ్మా మారలేదు. రిటైరయ్యేదాకా సందు నడిమధ్యనే నడిచింది.

నా భర్త పోయినప్పుడు నన్నూ మూల కూర్చోబెట్టారు. అప్పటికి మోకాళ్లు అరిగిపోయిన దొడ్డమ్మ ఆటోలో వచ్చి, "లే, సెప్పులేసుకో" అంది. ఎవరు వద్దంటున్నా వినకుండా తెలీబంధా చెరువు గట్టుకు తీసుకెళ్లి, నా చేయి పట్టుకుని కుంటుతూ నడిపించింది. "గోడలు ఓదార్సవే పిచ్చిదానా" అంది. ఆ గాలి మొహానికి తగిలాకే నాకు ఏడుపొచ్చింది. నాకు ప్రాణం పోసిన మనిషి ఆవిడ.

నిన్న పాడె లేచింది. డ్రైవరు బాబాయి ఇప్పుడు ముసలివాడు. కొత్త ఉద్యోగంలో చేరడానికి బండెక్కాల్సిన కొడుకును సూట్‌కేసుతో సహా గుమ్మంలో ఆపి ఉంచాడు. శవం ఎదురొస్తే శుభమట.

"ఆగరా, వదిన వస్తున్నారు. ఎదురుగా వెళ్లి దండం పెట్టుకో" అంటున్నాడు.

బతికినన్నాళ్లూ పనికిరాని మొహం చచ్చాక పనికొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్ల గుంపులోంచి బయటికొచ్చి పాడె ముందుకు నడిచాను.

"నువ్వు వెనక ఉండాలమ్మా" అన్నారెవరో.

"ఉండను" అన్నాను.

సందు నడిమధ్య ముందు నేను, నా వెనక దొడ్డమ్మ. ఆవిడ శకునం కావాలంటే ముందు నా మొహం చూడాలి. బాబాయి నన్ను చూశాడు, నా వెనక పాడెను చూశాడు. కొడుకు భుజం పట్టుకుని అలాగే ఉండిపోయాడు, లోపలికి లాగాలో ముందుకు తోయాలో తెలియక.