జపాన్ ఆవంలో తణుకు వినాయకుడు

ఈ కథకంతటికీ మూలకారణం ఒక కొబ్బరికాయ. దాన్ని కొట్టడం వల్ల కాదు, కొట్టకపోవడం వల్ల.

మా అక్క భర్త వీర్రాజు బావ తణుకులో కుమ్మరి. నేనూ ఆ కులంలోనే పుట్టాను గాని, సారె వదిలి కలం పట్టాను. ముప్పై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్నాను, పిలిచిన ఊరికల్లా వెళ్లి ఉపన్యాసాలిస్తున్నాను. కుండలు కాల్చే ఆవం వెలిగించే ముందు దానికి కొబ్బరికాయ కొట్టడం మా వాళ్ల ఆచారం. పోయిన వేసవిలో బావతో వాదించి వాదించి, ఒక్కసారి కొట్టకుండా వెలిగించమన్నాను. వెలిగించాడు. సగం కుండలు పగిలిపోయాయి. సరిగా ఆరకుండానే పేర్చాడు కాబట్టి పగిలాయని నేను, కొబ్బరికాయ కొట్టలేదు కాబట్టి పగిలాయని బావ. వీధి మొత్తం బావ పక్షం. మా అక్క అప్పటినుంచి నా ముందు కాఫీ గ్లాసు పెట్టేటప్పుడు కాస్త గట్టిగా చప్పుడయ్యేలా పెడుతోంది.

అంతలో జపాన్ నుంచి పిలుపొచ్చింది. బావ సారె తిప్పుతుండగా ఎవరో తీసిన వీడియో ఫోన్లు దాటి దాటి, షిగరాకి అనే కుమ్మరుల ఊళ్లో హరుకో అనే ఆవం యజమానురాలికి చేరిందట. ఆవిడ ఏటా ఒక విదేశీ కుమ్మరిని పిలిపించి, అతని వస్తువొకటి తన ఆవంలో కాలుస్తుందట. బావకి ఇంగ్లీషు రాదు. దుబాసీగా నేను బయల్దేరాను.

జపాన్ అనగానే నాకు ఒళ్లు పులకరించింది. నా ఉపన్యాసాలన్నిటికీ ముగింపు ఆ దేశమే. "వాళ్లు రైళ్లు చేసుకుంటుంటే మనం రాహుకాలాలు చూసుకుంటున్నాం. జపాన్‌ని చూసి నేర్చుకోండి!" అని వేదిక దిగుతాను. చప్పట్లు అక్కడే పడతాయి.

బయల్దేరే ముందు బావ పందెం వేశాడు.

"మన ఏటిమట్టితో జానెడు వినాయకుణ్ణి చేసి పట్టుకొస్తాను. వాళ్ల ఆవంలో నిలబడ్డాడనుకో, ఈ చవితికి నువ్వు పట్టుపంచె కట్టుకుని మన వీధి పందిట్లో పీటల మీద కూర్చోవాలి. పూజ నీ చేత చేయిస్తాను."

"కరిగిపోతే?"

"కరిగితే ఇక నా జన్మలో ఆవానికి కొబ్బరికాయ కొట్టను."

వాళ్ల ఆవం వేడి మన ఆవం వేడికన్నా చాలా ఎక్కువనీ, ఏటిమట్టి దానికి తాళలేదనీ నేను చదివి ఉన్నాను. వెంటనే ఒప్పుకున్నాను. హేతువాది పందెం కాయవచ్చునా అని అడిగేవారికి నా జవాబు: ఫలితం ముందే తెలిసినదాన్ని పందెం అనరు.

సాయంత్రం అయిదు దాటాక తణుకులో చెన్నై రైలెక్కాం. వర్జ్యం వెళ్లాక కదలమని అక్క పోరింది. రైల్వే వాళ్లకి వర్జ్యం పట్టింపు లేదు, వాళ్ల వేళకి వాళ్లు కదిలారు. పెట్టెలో బావ ఫోన్లో ఎవరికో గట్టిగా చెప్తున్నాడు: "సారె మనం మోసుకెళ్లక్కర్లేదంట. అక్కడ వాళ్లే ఇస్తారంట."

ఎదుటి బెర్తులో కూర్చున్న పాలకొల్లు ఆవిడ చెవులు నిక్కించింది. ఫోను పెట్టగానే అడిగేసింది.

"ఏ ఊరు సంబంధమండీ?"

"జపానండి," అన్నాడు బావ, అడిగిందేమిటో ఆలోచించకుండానే.

"జపానోళ్లు సారె వాళ్లే పెడతారా? ఎంత మర్యాదస్తులండీ! మా వియ్యాలవారు ఆషాఢం సారెకి కావిళ్లు లెక్కపెట్టుకుని మరీ దింపించుకున్నారు."

అది పసుపు కుంకాల సారె కాదు, కుండలు చేసే చక్రమని నేను వివరించాను. ఆవిడకి నిరాశ కలిగింది. "పోనీలెండి, పిల్లనిచ్చేటప్పుడు ఆ దేశం గుర్తుంచుకుంటాం," అని పులిహోర పొట్లం విప్పి మాకు చెరో ఆకులో పెట్టింది.

చెన్నైలో విమానం, బ్యాంకాక్‌లో మరో విమానం. ఒసాకాలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడే నా సిద్ధాంతం నన్ను పట్టించింది.

జపాన్‌లోకి ఏ దేశపు మట్టినీ రానివ్వరు. పురుగులూ తెగుళ్లూ వస్తాయని. సరైన నియమమే. తనిఖీ బల్ల దగ్గర చేతి తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి బావ సంచిలోంచి వినాయకుణ్ణి బయటికి తీసి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగింది. ప్రతి భాద్రపదానికీ మైకు ముందు చెప్పే మాట నా నోటినుంచి అలవాటుగా ఊడిపడింది.

"మట్టి. కేవలం మట్టి."

ఆ అమ్మాయి ముఖం మారింది. విగ్రహాన్ని ఒక పళ్లెంలో పెట్టి లోపలికి తీసుకుపోయింది. మమ్మల్ని కుర్చీలు చూపించి కూర్చోమంది.

"ఏం చెప్పావయ్యా ఆవిడకి?"

"మట్టని చెప్పాను."

"దేవుడని చెప్పొచ్చుగా?"

"చస్తే చెప్పను."

"బొమ్మనైనా చెప్పొచ్చుగా! ఊకలో ఒక కాల్పు కాల్చి మరీ తెచ్చానయ్యా! కాల్చింది మట్టెలా అవుద్ది? నీ ఉపన్యాసానికి ఇదా సమయం?"

కాల్చినదని నాకు తెలియదు. పచ్చిదే అనుకున్నాను. పరుగెత్తుకెళ్లి ఆ అమ్మాయికి చెప్పాను. ఆవిడ నా మాట నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. ఒక ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు తెచ్చింది. కరిగితే మట్టి, కరక్కపోతే మట్టిపాత్రల లెక్క, లోపలికి తీసుకెళ్లవచ్చు అంది. వినాయకుణ్ణి రెండు చేతులతో మెల్లగా నీళ్లలో ముంచింది. పక్క బల్లలవాళ్లు ఇద్దరు పని ఆపి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇక్కడే నిమజ్జనం చేసేస్తున్నారేంటి!" అని బావ కళ్లు మూసుకుని గొణగడం మొదలుపెట్టాడు. "స్వామీ, ఏటేటా కరగమని పంపుతాను. ఈ ఒక్కసారికీ కరక్కు."

తొండం దగ్గరనుంచి నాలుగు బుడగలు లేచాయి. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, విగ్రహాన్ని తీసి, గుడ్డతో ఒత్తి బావ చేతిలో పెట్టి ఒక మాటంది.

"ఏమంది?"

"మట్టి కాదంది."

"సరిగ్గా వినపడలా. మళ్లీ చెప్పు."

"మట్టి కాదంది బావా!"

ప్రయోగం చేసి చూపించమని అందరినీ సవాలు చేసేవాణ్ణి నేను. నా కళ్ల ముందే ప్రయోగం చేసి తేల్చారు. అయినా అది రుజువు చేసింది విగ్రహం కాలిందని మాత్రమే, దేవుడని కాదు. ఈ తేడా మేం రైలు మారాల్సిన కిబుకవా స్టేషను దాకా బావకి విడమర్చి చెప్పాను. అతను కిటికీలోంచి వరిచేలు చూస్తూ, "గవర్నమెంటే చెప్పాక నువ్వెవరయ్యా," అన్నాడు. ఈ దారిన వెళ్లబోయే పాఠకులకి నా సలహా: మట్టి వస్తువులు కాల్చినవే తీసుకెళ్లండి. అడిగితే కాల్చినవనే చెప్పండి.

కిబుకవాలో ఒంటి పెట్టె రైలెక్కితే చివరి స్టేషను షిగరాకి. దిగగానే బావ ఆగిపోయాడు. స్టేషను బయట, అంగళ్ల ముందు, ఇళ్ల గుమ్మాల్లో, ఎక్కడ చూసినా ఒకే రకం కాల్చిన బొమ్మలు. పెద్ద పొట్ట, నెత్తిన గడ్డి టోపీ, చేతిలో సారా బుడ్డి, ముఖాన నవ్వు.

"పొట్ట చూశావా? వీళ్లకీ వినాయకుడే!" అని చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు.

హరుకో గారు మా కోసం ఆవం దగ్గర ఎదురుచూస్తున్నారు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆవిడ వంగి నమస్కరించారు. బావ ఇంకొంచెం వంగాడు. ఆవిడ మళ్లీ వంగారు. మర్యాదలో గోదావరి జిల్లా ఓడిపోకూడదని బావ నేలకి ఆనేదాకా వంగాడు. సాన్ అంటే మన 'గారు' లాంటిదేనని నేను ముందే చెప్పి ఉంచితే, అతనికి అదీ చాలలేదు. "హరుకోసాన్ గారండీ!" అన్నాడు. తర్వాత పనివాళ్లందరి వైపూ తిరిగి గుండె మీద చెయ్యి వేసుకుని తన ఇంగ్లీషంతా ఒక్కసారే ఖర్చుపెట్టాడు.

"ఐ... తణుకు!"

పదిమందీ బావ పొట్ట వంక చూశారు. తర్వాత అతని నెత్తిమీది ఎండటోపీ వంక చూశారు. ఆ తర్వాత ఆవం ఎగిరిపోయేలా నవ్వారు. ఒకాయన పరుగున వెళ్లి బొమ్మనొకదాన్ని ఎత్తుకొచ్చి బావ పక్కన పెట్టాడు. నక్కకీ పునుగుపిల్లికీ మధ్యస్తంగా ఉండే ఒక జంతువుంది, దాని బొమ్మట అది. అంగడి ముందు పెట్టుకుంటే వ్యాపారం కలిసొస్తుందట. ఆ జంతువు పేరు తనుకి.

నేనిది చెప్పేలోపే బావ అక్కకి ఫోను చేసేశాడు. "ఏమేవ్, ఇక్కడ దేవుడికి మన ఊరి పేరే! పక్కన నిలబెట్టి నాకు ఫొటో తీస్తున్నారు!"

వ్యాపారం కలిసొస్తుందని నక్కబొమ్మ! జపాన్‌లో! ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆవం పేర్చారు. కొండవాలున పడుకోబెట్టిన పొడవాటి సొరంగం అది, లోపలికి పాక్కుంటూ వెళ్లాలి. మన వినాయకుణ్ణి చూసి హరుకో గారు పెదవి విరిచారు. ఏటిమట్టి ఆ వేడికి ఆగదు, కరిగి కింది వస్తువులకి అంటుకుంటుందని ఒక తెల్లని గిన్నెలో కూర్చోబెట్టారు. నాకు ధైర్యం వచ్చింది. పట్టుపంచె బెడద తప్పినట్టే.

అప్పుడు ఆవిడ ఆవం నోటి దగ్గర గుప్పెడు ఉప్పు పోశారు. పక్కన బియ్యం పెట్టారు, సారా సీసా పెట్టారు. రెండుసార్లు చప్పట్లు కొట్టి తల వంచారు. బావ మోచేత్తో నన్ను పొడిచాడు.

నేను ఊరుకోలేకపోయాను. "ఇవి పెట్టకపోతే కుండలు పగులుతాయని నమ్ముతున్నారా?" అని అడిగేశాను.

"లేదు. పెట్టినా పగులుతాయి," అన్నారు ఆవిడ.

"మరెందుకు?"

"పెట్టకుండా పగిలాయనుకోండి, ఉప్పు పెట్టలేదు కాబట్టి పగిలాయంటారు మావాళ్లు. పెట్టాక పగిలితే ఆ సాకు లేదు కదా. తడి ఎక్కడుంది, మంట ఎక్కడ తగ్గింది అని వెతుకుతారు."

"ఉప్పు లేకుండానే తప్పు వెతకడం నేర్పవచ్చు కదండీ!"

"మీ ఊళ్లో నేర్పారా?"

నేర్పబోయానని, సగం కుండలు పగిలాయని చెప్పడం ఇష్టంలేక కట్టెలు అందించడానికి వెళ్లాను.

రాత్రింబవళ్లు వంతులవారీగా కట్టెలు వేశాం. మంట ఆపాక ఆవం చల్లారడానికి వారం పైగా పట్టింది. ఆ ఖాళీలో చుట్టుపక్కల పనితనాలు చూసి వచ్చాం. ఒకచోట చెట్టు బెరడుతో కాగితం చేస్తున్నారు. మరోచోట పగిలిన గిన్నెను జిగురుతో అతికి, అతుకు మీద బంగారపు పొడి అద్దుతున్నారు. మన ఇళ్లలో పగిలిన కుండ అరిష్టం, గుమ్మం దాటించేదాకా ఊరుకోం. వీళ్లు దానికి నగ పెడుతున్నారు. ఈ దేశం మీద నాకు మళ్లీ గౌరవం కలగబోయింది. ఆ అంగడి గుమ్మంలోనూ తనుకి నిలబడి ఉంది.

ఆవం తెరిచిన రోజు పొద్దున్నే అందరం చేరాం. హరుకో గారు పాక్కుంటూ లోపలికి వెళ్లారు. తర్వాత లోపలినుంచి ఒక కేక.

గిన్నె బయటికొచ్చింది. వినాయకుడు లేడు. గిన్నె లోపలంతా ముదురు బెల్లప్పాకం పోసి ఆరబెట్టినట్టు తళతళలాడుతోంది. అంచుల్లో తేనెరంగు, నడిమధ్య నలుపు. తొండం ఉన్నచోట ఒక మెలిక మాత్రం మిగిలింది. పనివాళ్లు గిన్నెను చేతులు మార్చుకుంటూ ఎండకి తిప్పి చూస్తున్నారు. అలాంటి మెరుగు తాను చూడలేదని, ఆ మట్టి ఇంకా కావాలని హరుకో గారు నన్ను పట్టుకున్నారు.

నేను గెలిచాను. కాని బావ ముఖం చూస్తే ఆ మాట నోట రాలేదు. అతనే అన్నాడు.

"మట్టి నిలబడలేదు బామ్మర్దీ. ఓడిపోయాను."

గిన్నె చేతిలోకి తీసుకుని లోపలికి చూశాడు, బొటనవేలితో ఆ మెలికను తడిమాడు. "నీళ్లలో కరగనని అక్కడ మొండికేశాడు. నిప్పులో ఎంత బాగా కరిగాడో చూడు," అన్నాడు. తర్వాత, "ఆవిడకి ఇంకా మట్టి కావాలంటున్నావుగా. మట్టి తేనివ్వరు. దేవుళ్లనైతే తేనిస్తారు. ఈసారి ఇరవైమందిని చేసి, కాల్చి పట్టుకొద్దాం," అన్నాడు.

వచ్చిన దారినే తిరిగి వచ్చాం. చెన్నైలో రైలెక్కాక పక్క సీటులో భీమవరం వెళ్తున్న రొయ్యల చెరువుల రాజుగారు గిన్నె చూసి ముచ్చటపడి కథంతా చెప్పించుకున్నారు. ఆయన బావ వైపు వేలెత్తి, "పందెం పందెమేనండోయ్. కొబ్బరికాయ మానాల్సిందే," అని తీర్పు చెప్పి భీమవరంలో దిగిపోయారు.

"మానేశానండి," అని కిటికీలోంచి అరిచాడు బావ.

అత్తిలి దాటుతుంటే నేను లెక్క చూసుకున్నాను. ముప్పై ఏళ్లలో నేను వాదించి గెలిచిన వాదాలు చాలా ఉన్నాయి. నా మాట వల్ల ఒక ఆచారం నిజంగా ఆగిపోవడం మాత్రం ఇదే మొదటిసారి. కుండలు పగిలితే తడి వెతికే రోజు మా వీధికీ వస్తుందనిపించింది. దీని మీద పెద్ద వ్యాసం రాయాలనుకున్నాను. మొదటి వాక్యం కూడా తట్టింది.

బావ ఫోను మోగింది. అక్క. ఎల్లుండి ఆవం పెడుతున్నారు కదా, కొబ్బరికాయలు తెప్పించనా అంటోంది. ఆ గొంతు నాదాకా వినపడుతోంది.

"వద్దే. కొబ్బరికాయ మానేశాం. రాళ్లుప్పు తెప్పించు, పిడికెడు కొత్త బియ్యం కూడా. కాస్త సారా దొరుకుతుందేమో కనుక్కో... ఆఁ, ఆవానికే... ఎవరు చెప్పారేంటి, నీ తమ్ముడే! ముప్పై ఏళ్లనుంచీ మొత్తుకుంటున్నాడుగా, జపాన్‌ని చూసి నేర్చుకోండని."