నీటికోళ్లు, మాగాయ ఊట

మాగాయ ముక్కలు ఉప్పులో మూడు రోజులు ఊరాక, వాటిని పిండి ఎండలో పరుస్తాం. జాడీ అడుగున పసుపుపచ్చటి ఊట మిగులుతుంది. మా పుట్టింట్లో పచ్చడికి సరిపడా ఉంచుకుని మిగతాది పారబోసేవాళ్లు. ముదినేపల్లి దగ్గర మా అత్తగారింట్లో చుక్క కూడా పారబోయరు. ముదురు కోడైనా, చెరువుల మీద దొరికే నీటికోడైనా, ఒక రాత్రంతా ఆ ఊటలో నానాల్సిందే.

"పులుపుకి కండ మెత్తబడుద్దమ్మాయ్. ఉప్పు నీచంతా లాగేస్తది," అని చెప్పింది అత్తయ్య. కాపురానికి వచ్చాక ఆవిడ నాకు నేర్పిన మొదటి పని అదే.

నీటికోళ్లు తెచ్చేది మా బావగారు, మా ఆయనకి అన్న. చేపల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. వలలో చిక్కిన పిట్టల్ని చంపేవాడు కాదు. రెక్కలు వెనక్కి మెలితిప్పి, ఎముక పుటుక్కుమన్నాక గోనెసంచిలో పడేసేవాడు. వంటింటి గడప దగ్గర ఆ సంచి కదులుతూనే ఉండేది. మెడలు తిప్పడం, ఈకలు పీకడం, పొట్ట చీల్చడం మా పని. మొదట్లో కళ్లు మూసుకునేదాన్ని. మెడ వంకే చూస్తూ తిప్పమని అత్తయ్యే నేర్పింది. రెండో ఏడాదికి అత్తయ్యతో కబుర్లు చెబుతూనే మెడ తిప్పేసేదాన్ని.

బావగారు తల్లిని కొడతాడని నాకు తెలుసు. కళ్లతో చూడలేదు. ఆవిడ చెంప కమిలి ఉంటే "తలుపు తగిలింది" అనేది. మా ఆయన గిలకలదిండి హార్బరుకి ఐసు లారీ తోలేవాడు. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉండేవాడు. చెబితే "అన్నయ్య కోపం అంతేలే" అనేసి అటు తిరిగి పడుకునేవాడు.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం బావగారు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. సంచిలో నాలుగు నీటికోళ్లు. ముగ్గురూ అప్పటికే తాగి ఉన్నారు.

"గంటలో కూర అవ్వాలి," అన్నాడు.

"ఇయ్యాల వండితే నీచు పోదురా. ఊటలో నాననీ, రేపు తిందురుగాని," అంది అత్తయ్య.

"చెప్పింది చెయ్యి."

రెండింటిని అప్పటికప్పుడు వండాం. మిగతా రెండూ నేను ముక్కలు కొట్టి, పెద్ద గిన్నెలో ఊట పోసి కలుపుతున్నాను. అరుగు మీద నుంచి నవ్వులు వినబడ్డాయి. స్నేహితుల్లో ఒకడు గట్టిగా అన్నాడు: "ఏంట్రా, మీ అమ్మ చెరువు బురద వండిందా?"

బావగారు కంచంతో సహా లోపలికొచ్చాడు. కంచం అత్తయ్య మొహాన విసిరాడు. కూర ఆవిడ మెడ మీంచి జారుతోంది. జుట్టుముడి పట్టుకుని తలని ద్వారబంధానికేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. ఆ చప్పుడు కొబ్బరికాయ పగిలినట్టు లేదు, తడిబట్ట బండకేసి కొట్టినట్టుంది. మూడోసారికి ఆవిడ కనుబొమ మీంచి నెత్తురు కారింది.

గిన్నె ఎత్తి మొత్తం ఆయన మొహాన కొట్టాను.

ముక్కలు, ఊట, ఉప్పు అన్నీ ఆయన తెరిచిన కళ్లల్లో పడ్డాయి. ఆయన అరిచిన అరుపుకి అరుగు మీద వాళ్లిద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. గుడ్డిగా చేతులు విసురుతూ గూట్లో సామానంతా పడగొట్టాడు. ఒక దెబ్బ నా భుజానికి తగిలింది. అప్పుడు చూసుకున్నాను, నా కుడిచేతిలో మాంసం కొట్టే కత్తి ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. మెడ నాకు ఎదురుగా ఉంది. ఒక అడుగు ముందుకేశాను.

అత్తయ్య నా చెంప పగలగొట్టింది.

నెత్తురు కారుతున్న మొహంతోనే కత్తి లాక్కుని పెరట్లోకి విసిరేసింది. తర్వాత బిందెడు నీళ్లు కొడుకు కళ్ల మీద పోస్తూ కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఆటోలో ఇద్దర్నీ గుడివాడ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆవిడ నుదుటికి కుట్లు పడ్డాయి. ఆయన కళ్లు పోలేదు. చాలా రోజులు ఎర్రగా వాచి, నీళ్లు కారుతూ ఉన్నాయి. డాక్టరు అడిగితే "ఇద్దరం జారి పడ్డామండీ, గిన్నె మీద పడింది," అంది అత్తయ్య. బావగారు కాదనలేదు. తమ్ముడి పెళ్లాం చేతిలో దెబ్బ తిన్నానని ఏ మొహంతో చెబుతాడు?

మా ఆయనకి నేనే చెప్పాను, అత్తయ్య నుదుటి మీద కట్టు చూపించి మరీ చెప్పాను. ఆ నెలలోనే బందరులో అద్దెకి ఇల్లు చూశాడు. అత్తయ్యని మాతో రమ్మంటే నెల రోజులు వంకలు చెప్పి, చివరికి ఒక సంచితో బస్సు దిగింది. బావగారు ఇప్పటికీ ఆ చెరువుల దగ్గరే ఉన్నాడు. నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటాడు.

ఒకరోజు చేపలు కడుగుతూ అడిగాను.

"ఆరోజు నన్నెందుకు కొట్టారత్తయ్యా? కొట్టాల్సింది ఆయన్ని కదా?"

ఆవిడ తలెత్తలేదు.

"వాడి మెడ వంక నువ్వు చూసిన చూపు చూశానమ్మాయ్. అలా చూడ్డం నీకు నేర్పింది నేనేగా," అంది.