తెరవని డబ్బాల పడవ

వదీఫాకు యాభై మూడేళ్లు. పదహారేళ్లుగా మా దీవిలోని అతిథి గృహంలో వంటమనిషి. పడవల్లో సముద్రం చూడడానికి వెళ్లే విదేశీయులకు పొద్దున్నే భోజనం డబ్బాలు సర్దుతుంది. రెండు రొట్టెలు, ట్యూనా తురుములో కొబ్బరి, ఉల్లి, నిమ్మరసం కలిపిన మస్ హుని, ఒక అరటిపండు. పెద్ద స్పీడు బోటుకు ముప్పై అయిదు డబ్బాలు, అఫీఫ్ చెక్క పడవకు ఎనిమిది.

అందరూ వెళ్లేది ఫెహురిహి కోసమే. బస్సంత పొడవున, ఒళ్లంతా తెల్ల చుక్కలతో, మనుషుల జోలికి రాకుండా తిరిగే సొరచేప.

వదీఫా దాన్ని ఒకసారి చూసింది, చచ్చాక. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. పట్టకూడదన్న చట్టం ఇంకా రాలేదు. వాళ్ల నాన్న, మరో ఆరుగురు కలిసి ఒకదాన్ని తాడు వేసి ఒడ్డుకు లాగారు. దాని కార్జం కాచి తీసిన నూనె పూస్తే పడవ చెక్క కుళ్లదు. బాన కలిపే పని వదీఫాది. జుట్టులోంచి ఆ వాసన మూడు రోజులు పోలేదు. కానీ ఆమెకు ఇప్పటికీ గుర్తున్నది వాసన కాదు, కన్ను. అంత ఒంటికి నిమ్మకాయంత కన్ను, దాని నిండా ఇసుక. తుడవబోతే నాన్న కసిరాడు: "అక్కడేం పని? బాన అడుగంటుతోంది చూడు."

బతికున్నదాన్ని ఒక్కసారి చూడాలని అప్పటినుంచీ ఉంది. ఎవరితోనూ అనలేదు.

ఈ ఏడు పండగ తర్వాత యజమాని వారం రోజులు సెలవిచ్చాడు. ఏడేళ్లలో ఇదే మొదటిది. సెలవంటే మావాళ్లు రాజధాని మాలే పోతారు, లేదా కొలంబో పోయి పళ్లు చూపించుకుని బట్టలు కొనుక్కొస్తారు. వంటిల్లు అక్క కూతురు రిష్మీకి అప్పగిస్తూ వదీఫా పడవ మాట చెప్పింది.

"నీకు సెలవిచ్చింది సముద్రం చూడ్డానికా? కిటికీ తీస్తే చాలదూ!" రిష్మీ పగలబడి నవ్వింది. "మాలే వెళ్లి ఆ పన్ను పీకించుకో పిన్నీ. ఎన్నాళ్లని ఒక పక్కే నములుతావు?"

"పన్ను ఎక్కడికీ పోదులే. ఏ పడవైతే మంచిదో చెప్పు."

"పెద్దదే. వాళ్లలో ఒకడికి కనిపిస్తే ఫోన్లో పదిమందికి తెలిసిపోద్ది. చూపించలేకపోతే మర్నాడు ఊరికే తీసుకెళ్తారు. అఫీఫ్ పడవలో ఏముంది? అఫీఫ్ ఉన్నాడు, అంతే."

వదీఫాకు పడవలు తెలిసింది డబ్బాల వల్లనే. పెద్ద బోటు డబ్బాలు నాకినట్టు ఖాళీగా వచ్చేవి. అఫీఫ్ పడవ నుంచి మాత్రం వారానికి మూడో నాలుగో తెరవకుండానే తిరిగొచ్చేవి. వంట నచ్చని మహారాజులెవరో అందులోనే ఎక్కుతారని ఏళ్ల తరబడి తిట్టుకుంది. కిందటి నెల ఒక తెల్లజుట్టు ముసలాయన తానే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. మూత తీయని డబ్బాను రెండు చేతులతో అందించి, క్షమించమన్నట్టు తల వంచాడు. ఏదో చెప్పబోయి, చెప్పలేక వెళ్లిపోయాడు. పెద్ద బోటువాళ్లు డబ్బాలిస్తూ ఫోన్లో వీడియోలు చూపించేవారు. ఈయన దగ్గర ఫోనున్నట్టే లేదు.

రిష్మీతో మాట్లాడిన సాయంత్రమే ఆమె రేవుకు వెళ్లింది.

"అక్కా, మిగతా రోజులన్నీ నిండిపోయాయి. మంగళవారం ఒక్క చోటుంది," అన్నాడు అఫీఫ్. "కనిపిస్తుందని మాత్రం మాటివ్వలేను."

"మాట అడిగానా? చోటు అడిగాను. మరో రోజు కూడా వస్తాను, ఎనిమిదిమందితో పాటు నన్నూ ఇరికించరాదా?"

"తొమ్మిదో మనిషి ఎక్కితే నీళ్లలో ఎవరు ఎక్కడున్నారో నాకు తెలీదక్కా. నువ్వైనా అంతే."

మంగళవారం గాలి లేదు. అఫీఫ్ పైకప్పు మీద నిలబడ్డాడు. కింద చుక్కాని పట్టిన తమ్ముడికి కాలితో తట్టి దారి చెబుతాడు: ఒక దెబ్బకు కుడి, రెండు దెబ్బలకు ఎడమ. పది గంటలకు ఒక తాబేలు, తర్వాత డాల్ఫిన్ల గుంపు. విదేశీయులు మురిసిపోయారు. వదీఫా వాటిని రేవులోనే చూస్తుంటుంది.

పదకొండింటికి దూరాన అయిదు బోట్లు గుమిగూడి కనిపించాయి. నీళ్ల నిండా మనుషులు కాళ్లు కొట్టుకుంటున్నారు.

"అదిగో, అక్కడుంది! పోనివ్వు అఫీఫ్!" వదీఫా లేచి నిలబడింది.

"అక్కడికి పోతే జనం కాళ్లే చూస్తావక్కా."

"కాళ్లో తోకో, ఏదో ఒకటి చూస్తాగా! మళ్లీ నాకు సెలవెప్పుడో!"

పైకప్పు మీద కాలు రెండుసార్లు తట్టింది. పడవ ఎడమకు తిరిగి బోట్లకు దూరంగా వెళ్లిపోయింది. ఆమె అలిగి ఆ బోట్ల వైపే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నమైంది. ఒంటిగంటా దాటింది. వెనక్కి మళ్లాల్సిన వేళకు పైన తట్టడం ఆగిపోయింది. ఇంజనూ ఆగింది.

"మెల్లగా దిగండి. నీళ్లు కొట్టొద్దు," అన్నాడు అఫీఫ్ గొంతు తగ్గించి.

ముఖానికి అద్దం బిగించి, తలగుడ్డ మెడ చుట్టూ ముడేసుకుని వదీఫా నిచ్చెన పట్టుకుని దిగింది. ముందురోజు సాయంత్రం మోకాలి లోతు నీళ్లలో సాధన చేసింది, అంతే. చిన్నప్పటి ఈత ఒంటికి గుర్తుంది.

తల ముంచింది. అంతా నీలం. ఏమీ లేదు.

ముందు చుక్కలు కనిపించాయి, తర్వాత ఒళ్లు. లోతులోంచి వరసలు వరసలుగా తెల్ల చుక్కలు పైకి లేచాయి. వాటి ముందు తలుపంత నోరు తెరుచుకుని వచ్చింది. అది ఈదుతున్నట్టు లేదు. అది నిశ్చలంగా ఉంటే, తామే దాని పక్కనుంచి సాగిపోతున్నట్టుంది. మొప్పలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మంచమంత దూరంలో కన్ను. నిమ్మకాయంతే. చుట్టూ ముడతలు, మధ్యలో నలుపు. అది కదిలింది. ఆమె వైపు తిరిగి, కాసేపు నిలిచి, ముందుకు సాగింది.

ఇసుక లేదు.

ఆ ఒళ్లు వెళుతూనే ఉంది. చివర ఆమెకంటే ఎత్తయిన తోక ఒక్కసారి ఊగింది. నీలం మళ్లీ మూసుకుంది.

ఒక్కొక్కరే పడవెక్కారు. అఫీఫ్ తమ్ముడు డబ్బాలు పంచాడు. వదీఫా తన డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేవు వచ్చేదాకా అది అలాగే ఉంది.

వంటింట్లో రిష్మీ డబ్బాలు ఎత్తి చూసింది. మూడు బరువుగా ఉన్నాయి. మరొకటి పిన్ని చేతిలో ఉంది.

"ఏం, ఉప్పు తక్కువైందా? పొద్దున్నే లేచి కొబ్బరి తురిమాను! నా వంట అంత బాలేదా?"

వదీఫా చెప్పబోయింది. డబ్బాను రెండు చేతులతో అందించి, తల వంచింది.