ఆరు విద్యల అరకొర

కళ్ళద్దాల దుకాణం ఆయనకి ఈ లోకంలో అంతుపట్టని మనిషి ఒక్కరే. ఎవరో కాదు, సొంత అక్క.

అక్కకి నలభై ఆరేళ్ళు. పిల్లలకి ఈత నేర్పింది. అంబులెన్సు నడిపింది. నాటకాల హాల్లో లైట్లు వేసింది. బేకరీలో పిండి కలిపింది. సైగల భాష నేర్చుకుని, చెవులు వినపడనివాళ్ళ మాట కోర్టులో జడ్జీలకి వినిపించింది. ఏ పనిలోనూ చెడ్డపేరు తెచ్చుకోలేదు, ఏ పనిలోనూ నిలవలేదు. "ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే నిన్నే సూపర్వైజర్ని చేసేవాళ్ళు కదే" అని తల్లి మొత్తుకునేసరికి ఆవిడ కొత్త పనికి చెప్పులేసుకుని గుమ్మంలో ఉండేది. కాళ్ళకి చక్రాలున్న మనిషిని ఎవరాపుతారు చెప్పండి?

తమ్ముడు ఆపుదామనుకున్నాడు. కళ్ళద్దాల కోసం వచ్చే గోడౌను మేనేజరుగారి వెంటపడి, స్టాకు ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగం ఖాయం చేయించాడు. కుర్చీ, ఫ్యాను, రిటైరయ్యేదాకా బెంగ లేదు. సోమవారం వచ్చి సంతకం పెడితే చాలన్నారు. అక్క ఔననలేదు, కాదనలేదు. తమ్ముడు మాత్రం రోజూ అదే పాట పాడుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఆట సంగతి కాస్త చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను పక్కన బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. తమ్ముడు గేమ్ మాస్టరు, అంటే కథ నడిపేవాడు. గుహలూ రాక్షసులూ శాపాలూ అన్నీ ఆయన అల్లినవే. మిగతా ముగ్గురూ తలా ఒక క్యారెక్టరు తయారుచేసుకుని ఆ కథలో దిగుతారు. ఏం చేయబోతున్నారో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, ఎక్కువ పడితే జరిగినట్టు, తక్కువ పడితే లేనట్టు.

ఒక్కో క్యారెక్టరుకి మొదట్లో పది లెవెల్స్. పదీ ఒకే విద్యలో పెడితే చివర్లో మహాశక్తి వస్తుంది. సెలూన్ ఆయన పదీ యుద్ధంలో పెట్టాడు, ఒక్క దెబ్బతో ఇనుప తలుపు బద్దలుకొడతాడు. మందుల షాపావిడ పదీ మంత్రాల్లో పెట్టింది, అగ్నిని ఉఫ్‌మని ఊదేస్తుంది. బుద్ధిమంతులు ఆడే తీరు అది.

అక్క ఏం చేసిందో చూడండి. యుద్ధంలో రెండు, దొంగతనంలో రెండు, మంత్రాల్లో రెండు, పాటలో రెండు, వైద్యంలో ఒకటి, అడవి విద్యలో ఒకటి. విత్తనాలు చల్లినట్టు చల్లేసింది.

"ఇదేం మనిషక్కా?" అన్నాడు తమ్ముడు తల పట్టుకుని.

"పేరు అరకొర. బాగుందా?"

"దీనికి ఒక్క మహాశక్తీ రాదు. మొదటి గుహలోనే పోతుంది. జీవితంలో చేసింది చాలక ఆటలో కూడా ఇదే పనా?"

ఆ మాట జారాక నాలుక కరుచుకున్నాడు. అక్క పెన్సిలు బల్ల మీద పెట్టింది.

"ఒరే, నాతో ఇంకెన్నాళ్ళు వాదిస్తావురా? వచ్చే ఆదివారం అరకొర నీ గుహలోంచి ప్రాణాలతో బయటికొస్తే ఉద్యోగం మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదు. చచ్చిపోయిందనుకో, సోమవారం పొద్దున్నే వెళ్ళి సంతకం పెడతాను. నీ మీద ఒట్టు."

ఉన్నమాట చెప్పుకోవాలి. తమ్ముడు మోసంగా ఆడే మనిషి కాదు. పాచికలు అందరి కళ్ళెదుటే కళ్ళజోళ్ళ ట్రేలో వేయిస్తాడు. ముందు అనుకున్నది మధ్యలో మార్చడు. కానీ ఆ వారం ఆయన కట్టిన గుహ మాత్రం అచ్చంగా అక్కని చంపడానికి కట్టిందే. మూడు గదులు. మొదటిదానికి ఇనుప గేటు, రెండోదానికి నిప్పుగోడ, మూడోదాంట్లో వెయ్యేళ్ళుగా గొలుసుతో కట్టేసి ఉన్న మృగం. దేన్ని దాటాలన్నా మహాశక్తి ఉండాల్సిందే. అక్క బాగు కోసమే కదా అని తనకి తాను నచ్చజెప్పుకుని ఆ వారమంతా హాయిగా నిద్రపోయాడు, మహానుభావుడు.

ఆదివారం ఆట మొదలవగానే అరకొర కాళ్ళ కింద నేల కుంగింది. సెలూన్ ఆయనా మందుల షాపావిడా పైనే ఉండిపోయారు, అరకొర ఒంటరిగా మొదటి గదిలో పడింది.

"గేటు నీ చేత్తో విరగదు," అన్నాడు తమ్ముడు.

"విరగ్గొట్టనురా. దొంగని కదా, ముందు గేటు మడతబందులు చూస్తాను. బందులో సీల ఉంటుందా?"

"ఉంటుంది."

"చుట్టూ సందుల్లో నా సీసాలో నీళ్ళు పోస్తాను. మంత్రాల్లో మొదటి లెవెల్ వాళ్ళు గుక్కెడు నీళ్ళు గడ్డకట్టించగలరు. గడ్డకడితే నీరు ఉబ్బుతుంది. సీల కదిలాక, యుద్ధంలో ఉన్న ఆ రెండు లెవెల్స్ బలంతో పీకుతాను."

తమ్ముడు ఆట నియమాల పుస్తకం తిరగేశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పాచిక కూడా అక్క పక్షానే పడింది.

రెండో గదిలో నిప్పుగోడ. దాన్ని భయంకరంగా వర్ణించే ఊపులో, చీకట్లో ఎలుకలు పరిగెడుతున్నాయని ఒక ముక్క అన్నాడు. గదికి కాస్త కళ రావాలని అన్నాడంతే.

"ఎలుకలా? అడవి విద్యలో ఒక లెవెల్ ఉంది, జంతువులతో మాట్లాడతాను. అమ్మా ఎలకమ్మా, నిప్పు అవతలికి మీరెట్నుంచి వెళ్తారమ్మా?"

మందుల షాపావిడ పక్కున నవ్వింది. సెలూన్ ఆయన బల్ల చరిచాడు. తమ్ముడు నేల కింద తూము ఉందని ఒప్పుకున్నాడు. ఎలుకలుంటే దారి ఉండాలి మరి. తూములో పాకేటప్పుడు పైనుంచి సెగ తగిలి అరకొర ప్రాణం చాలావరకు హరించుకుపోయింది. ఇంకొక్క దెబ్బ తగిలితే అంతే.

మూడో గది. మృగం లేచింది, గొలుసు గలగలమంది, పంజా పైకెత్తింది. వైద్యం ఒక్కసారికే వస్తుంది, ముందు నీ ఒళ్ళు బాగుచేసుకోమని సెలూన్ ఆయన గోలపెట్టాడు. అక్క వినిపించుకోలేదు.

"వెయ్యేళ్ళుగా గొలుసన్నావు. మెడ కింద పుండు పడి ఉండాలే?"

తమ్ముడు ఆ సంగతి ఆలోచించనే లేదు. ఆలోచిస్తే నిజమేననిపించింది. "ఉంటుంది," అన్నాడు.

"ఆ పుండు మీద చెయ్యి పెడతాను. వైద్యం దానికే. చెయ్యి పెట్టి, అది నెమ్మదించేలా పాడతాను."

పాచిక దొర్లింది. తక్కువ పడింది. పాట పారలేదు. మందుల షాపావిడ కళ్ళు మూసేసుకుంది. తమ్ముడు గెలిచాడు. గెలిచినవాడు సంతోషించాలి కదా, ఆయనకి ఆ సంతోషం రాలేదు. ఈ మనిషిని నేను చంపుతున్నానా అనిపించింది.

"ఆగరా," అంది అక్క. "పాటలో రెండో లెవెల్ చూడు. పారని పాటని ఇంకొక్కసారి ఎత్తుకోవచ్చని ఉంది."

ఉంది. ఇన్నేళ్ళుగా ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది, ఆ వాక్యం మీద చూపు ఆగలేదు. పై లెవెల్స్‌కి పరిగెత్తేవాళ్ళలో కింద ఏముందో చూసిందెవరు? అక్క మళ్ళీ పాచిక అందుకుంది. ట్రేలో అది దొర్లుతున్నంతసేపూ తమ్ముడు పడాలి, పడాలి అనుకున్నాడు, తన మృగానికి వ్యతిరేకంగా, తను కట్టిన గుహకి వ్యతిరేకంగా.

పడింది.

మృగం పంజా దించి, తలవాల్చి, బయటికి దారి వదిలిందని ఆయనే చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన అక్క వైపు చూస్తూ ఉండిపోయాడు. ఈతకొలనులో, అంబులెన్సులో, కోర్టులో ఈవిడ ఇలాగే ఉండి ఉంటుంది కదా, తనెప్పుడూ వెళ్ళి చూడలేదే అనుకున్నాడు. పుట్టినప్పటినుంచి ఎరిగిన మనిషి ముందు మొదటిసారి లేచి నిలబడాలనిపించింది. నిలబడ్డాడు కూడా. ఎందుకు లేచాడో మిగతావాళ్ళకి అర్థం కాలేదు.

"నన్ను చంపడానికే కట్టావు కదరా?" అంది అక్క నెమ్మదిగా.

"అవునక్కా."

"నేనూ చస్తాననే అనుకున్నాను. అమ్మ చెప్పిందీ నువ్వు చెప్పిందీ నిజమే కాబోలనుకుని, పొద్దున్నే రేపటి సంతకానికి పెన్ను కూడా సంచిలో పెట్టుకున్నాను." ఆవిడ ముక్కు తుడుచుకుని, పుస్తకం తన వైపు లాక్కుంది. "బతికినందుకు ఒక లెవెల్ వస్తుంది కదా. ఇందులో ఇంకా నేను ముట్టుకోని విద్యలేమున్నాయిరా?"

తమ్ముడు దుకాణంలోకి వచ్చి మేనేజరుగారికి ఫోను చేశాడు. మా అక్క రేపు రావడం లేదండీ, క్షమించాలి అన్నాడు. ఇంత మంచి ఉద్యోగం ఎవరొదులుకుంటారు, మరి ఏం చేద్దామని ఆవిడ ఉద్దేశం అని అవతలినుంచి గద్దించారు. ఇంకా ఏమీ అనుకోలేదండీ అన్నాడు. నలభై ఆరేళ్ళు వచ్చాయన్నావు కదయ్యా అన్నారు మేనేజరుగారు.

వెనక గదిలోంచి అక్క పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అవునండీ," అన్నాడు తమ్ముడు. "ఇంకా బోలెడు టైముంది."