తిప్పకుండా వదిలేసిన నాచు

శ్రీకాకుళంలో పరిశోధన విద్యార్థిగా ఉన్న ఆ ఏళ్లలో నా పని నాచు పెంచడం. వానాకాలం గోడలకు పట్టే పచ్చటి నాచుకి చుట్టమే, కాకపోతే ఇది మూత పెట్టిన ప్లేట్లలో పెరుగుతుంది. మొదట సన్నటి దారాల్లా అల్లుకుంటుంది. తర్వాత ఆ దారాల మీద మొగ్గలు లేచి ఆకులు వేస్తాయి.

ఎప్పుడు మొగ్గ వేయాలో తేల్చేవాటిలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంది. దాన్నుంచి ప్రొటీన్ తయారు కాదు. మొగ్గను అడ్డుకునే జన్యువు పంపిన సందేశాన్ని తుంచేయడమే దాని పని. అది లేని నాచు ఆలస్యంగా మొగ్గ వేస్తుందా అన్నది మా ప్రశ్న. మామూలు నాచు, ఆ ఆర్‌ఎన్‌ఏ తీసేసిన నాచు, రెండూ నాకూ నా తోటివాడికీ ఇచ్చారు. తేడా ముందు చూపించినవాడే సదస్సుకి వెళ్తాడన్నారు మా గైడు సార్. చోటు ఒక్కటే.

ప్రతి సోమవారం నాచును మిక్సీలో తిప్పి కొత్త ప్లేట్లలో పరచాలని గోడ మీద కాగితం ఉండేది. కొత్తవలసలో పొద్దున్నే రైలెక్కి వచ్చి, ఒక్క సోమవారం తప్పకుండా తిప్పాను.

నా తోటివాడిది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఊరు. వేట నిషేధం ముగిసింది, నాన్న పడవ దించుతున్నాడని వెళ్లి మూడు వారాలు రాలేదు. వాడి ప్లేట్లు ఎవరూ ముట్టుకోలేదు. తిరిగొచ్చి మైక్రోస్కోపు కింద పెడితే మామూలు నాచు నిండా మొగ్గలు, రెండోదాంట్లో వట్టి దారాలు. నా ప్లేట్లలో రెండూ దారాలే.

సార్ వాడి భుజం తట్టారు. తిప్పిన ప్రతిసారీ నాచు మళ్లీ మొదటికొస్తుందని, ఆ కాగితం నాచును ఎక్కువ చేసుకోవడానికే గానీ మొగ్గలు చూడటానికి కాదని అప్పుడు చెప్పారు. నేను తిప్పుతుంటే రోజూ చూసిన మనిషి అప్పుడు చెప్పారు.

"ఏటి బావ, వారం వారం మిక్సీలో తిప్పితే పచ్చడవుతాది గానీ మొక్కెలాగవుతాది?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. సార్ కూడా. ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తే.

సదస్సుకి వెళ్తూ వాడు తన కొత్త ప్లేట్లు నాకే అప్పగించాడు. "తిప్పకు బావ, నీకు దండం పెడతాను" అన్నాడు.

సోమవారం మిక్సీ జారు పట్టుకుని వాడి ప్లేట్ల ముందు చాలాసేపు నిల్చున్నాను. కాగితం చూసి అలవాటుగా తిప్పేశానంటే అందరూ నమ్మేస్తారు. తిప్పలేదు. నావీ తిప్పలేదు.

వాడు సర్టిఫికెట్టుతో తిరిగొచ్చాక, నా మామూలు నాచు మీదా మొగ్గలొచ్చాయి. సార్‌కి చూపించలేదు. చూపిస్తే మళ్లీ వాడినే మెచ్చుకునేవారు. అలమరలో వెనక వరసకి నెట్టి, ఎండిపోయేదాకా నేనొక్కణ్ణే చూసుకున్నాను.