కొత్త యంత్రానికి మొదటి దండ

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు నన్ను పుదుచ్చేరిలో పోలీసు ఆయుధాగారానికి సీనియర్ ఆర్మరర్‌గా వేశారు. ఆర్మరర్ అంటే తుపాకులు విప్పి, కడిగి, బాగుచేసి మళ్ళీ బిగించేవాడు. హోదాకు హెడ్ కానిస్టేబుల్‌ని. వర్క్‌షాప్ ఇన్‌చార్జ్ కుర్చీ ఖాళీ కాబోతోంది. అది నాదేనని నటేశన్ నగర్‌లో మా వీధివాళ్ళకి కూడా చెప్పుకున్నాను.

అంతలో అల్ట్రాసోనిక్ క్లీనర్ దిగింది. అదొక స్టీలు తొట్టి. మందునీళ్ళు పోసి మీట నొక్కితే, చెవికందని శబ్దం సన్నటి బుడగలు పుట్టించి ఇనుము సందుల్లోని మసిని ఊడదీస్తుంది. శిక్షణకు నన్ను కాదని, నాకంటే పదేళ్ళు చిన్నవాడైన తోటి ఆర్మరర్ ముత్తియాల్‌పేట దయాళన్‌ని చెన్నై పంపారు. నేను పూటంతా బ్రష్షుతో రుద్దే పని వాడు టీ తాగి వచ్చేలోపు అయిపోయేది. అధికారులు వచ్చి ముచ్చటపడుతుంటే నాకు కడుపు మండిపోయేది.

వాడు ఎక్కడ తప్పుతాడా అని కాచుకుని ఉన్నాను. తుపాకిలో తూటా లేదని ఇద్దరు చూడాలి. చెక్క పిడులు తీసేయాలి. సీసం మసి అంటకుండా గ్లవుజులు వేసుకోవాలి. భాగాలు పెట్టిన బుట్ట తొట్టి అడుక్కి తగలకూడదు. తీశాక కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాలి. జిడ్డు పోయిన ఇనుముకి మా సముద్రపు గాలి తగిలితే తుప్పే. ఛీ, అన్నీ సరిగ్గానే చేసేవాడు!

ఆయుధపూజ వచ్చింది. ఏటా మొదటి దండ సీనియర్ ఆర్మరర్ బల్లకు వేసేవారు. ఆ ఏడు యంత్రానికి వేశారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ అన్నీ దానికే. అది నడుస్తుండగానే హారతి ఇద్దామని ఇన్‌స్పెక్టర్‌గారు కర్పూరం పళ్ళెం పట్టుకున్నారు. నేను మూతి ముడుచుకుని తొట్టి పక్కనే నిలబడ్డాను. దయాళన్ మూత తీశాడు. గుప్పున పెట్రోలు వాసన.

"అగ్గిపుల్ల గీయొద్దు సార్!" అని అరిచి పళ్ళెం లాక్కున్నాను. "ఒరే, మీట ముట్టుకోవద్దు! ఏంది పోసినావు ఇందులో?"

"మందు అయిపాయన్నా. చెన్నైనించి ఇంకా యాడ వచ్చింది? రేపు ఇన్‌స్పెక్షన్ గదా. ట్రేలో మనం పెట్రోలుతోనే గదా కడిగేది, అందుకని..." అంటూ దయాళన్ మీట దగ్గర్నించి వెనక్కి జరిగాడు.

అందరినీ బయటికి పంపి, బయటి కరెంటు మెయిన్ ఆపించాను. కర్పూరం లేకున్నా ముప్పే. మీట నొక్కితే తొట్టి లోపలి ద్రవం వేడెక్కుతుంది, ఆ ఆవిరికి స్విచ్‌లోని నిప్పురవ్వ చాలు. నీళ్ళతో కలిపే మందు తప్ప అందులో ఇంకేదీ పోయకూడదు.

అయినా కుర్చీ దయాళన్‌కే ఇచ్చారు. యంత్రం నడపడం వాడికే వచ్చునట. ఆ అసూయ నాకు ఇప్పటికీ పోలేదు. పక్కవాడంటే గిట్టనివాడే వాడి తప్పును ముందు పసిగడతాడు. పసిగట్టాక నోరు విప్పాలి. నేను నేర్చుకున్నది అంతే.

నా చివరి ఆయుధపూజకూ మొదటి దండ యంత్రానికే వేశారు. కర్పూరం మాత్రం గుమ్మం బయట వెలిగించారు.